సూపర్‌మాన్ స్మాషెస్ ద క్లాన్: తొమ్మిదేళ్ల బాబు చేతికి ఇవ్వొచ్చా?

ఉప్పల్_అమ్మ
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా మరిది అమెరికా నుంచి వస్తూ పిల్లలకి ఒక కామిక్ పుస్తకం తెచ్చాడు. పేరు సూపర్‌మాన్ స్మాషెస్ ద క్లాన్. మా అమ్మాయికి పదమూడు, బాబుకి తొమ్మిది. పెద్దది ఒక్క పూటలో చదివేసింది. అక్క చేతిలో చూసిన దగ్గర్నుంచి చిన్నోడు నాకూ కావాలని రెండు రోజులుగా వెంటపడుతున్నాడు.

సూపర్‌మానే కదా, ఇచ్చేద్దామనుకుని మధ్యలో ఒక చోట తెరిచాను. ఒక ఇంటి ముందు పెద్ద సిలువ మండుతోంది, దాని దగ్గర ముసుగులేసుకున్న మనుషులు. లోపల ఇంట్లో పిల్లలు. పుస్తకం మూసేసి బీరువా మీద పెట్టాను. అమ్మాయేమో "అమ్మా, అది చాలా మంచి పుస్తకం, నువ్వు చదవకుండా దాచేశావు" అంటోంది. ఆ మాట నిజమే, నేను చదవలేదు.

చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నిజంగా బాగుంటుందా, లేక మంచి సంగతి చెప్పారు కాబట్టి మెచ్చుకుంటున్నారా? తొమ్మిదేళ్ల వాడికి సరిపోతుందా?


కామిక్స్‌బీరువా
ఆదివారం, రాత్రి 10:15

నా దగ్గర ఉందండి, రెండుసార్లు చదివాను. ముందు అదేం పుస్తకమో చెబుతాను.

రాసింది జీన్ లూయెన్ యాంగ్, వలస వచ్చిన చైనా జాతి తల్లిదండ్రులకి అమెరికాలో పుట్టిన రచయిత. బొమ్మలు గురిహిరు వేశారు. ఆ పేరుతో పనిచేసేది ఇద్దరు జపాన్ మహిళలు. సూపర్‌మాన్ పుస్తకాలు వేసే డీసీ వాళ్లు 2019, 2020ల్లో మూడు భాగాలుగా వేసి, తర్వాత ఒకే పుస్తకంగా తెచ్చారు. 2021లో దీనికి రెండు ఐస్నర్ అవార్డులు వచ్చాయి, కామిక్స్‌కి ఇచ్చే పెద్ద అవార్డులు అవి. ఒకటి పిల్లల పుస్తకాల విభాగంలో, ఇంకొకటి వేరే మాధ్యమం నుంచి కామిక్‌గా మలిచినందుకు.

ఆ వేరే మాధ్యమం రేడియో. 1946లో సూపర్‌మాన్ రేడియో నాటకం అమెరికాలో పిల్లలు రోజూ వినే కార్యక్రమం. ఆ ఏడాది జూన్, జులైలలో 16 భాగాల కథ ఒకటి నడిచింది. ఊరికి కొత్తగా వచ్చిన చైనా కుటుంబం మీద ముసుగు ముఠా ఒకటి పగబడుతుంది, సూపర్‌మాన్ అడ్డుపడతాడు. అప్పటికి కు క్లక్స్ క్లాన్ నిజంగా ఉంది. నల్లవాళ్ల మీద, యూదుల మీద, కాథలిక్కుల మీద దాడులు చేసిన ముఠా అది. కథలో పేరు కాస్త మార్చారు గానీ ఎవరి గురించో విన్న ప్రతివాళ్లకీ తెలుసు. అంటే మీరు చూసిన ఆ మండే సిలువ భయపెట్టడానికి అల్లింది కాదు, జరిగిన చరిత్ర.

మీ బాబుకి ఇవ్వొచ్చనే నా అభిప్రాయం. కానీ ఒంటరిగా కాదు.


రాత్రిదీపం
ఆదివారం, రాత్రి 10:52

ఉప్పల్ అమ్మగారూ, మీరు బీరువా మీద పెట్టి మంచి పని చేశారు. నా అనుభవం చెబుతాను.

మూడేళ్ల క్రితం ఒక పుస్తకాల ఎగ్జిబిషన్‌లో మా వాడికి బ్యాట్‌మాన్ పుస్తకం కొన్నాను. వాడికప్పుడు పదేళ్లు. అట్ట మీద జోకర్ కెమెరా పట్టుకుని నవ్వుతూ ఉన్నాడు. పేరు ద కిల్లింగ్ జోక్. సన్నగా ఉంది, రంగులు బాగున్నాయి, పిల్లల పుస్తకాల బల్ల మీదే ఉంది. అందులో తలుపు తీసిన అమ్మాయిని జోకర్ కడుపులో కాలుస్తాడు. ఆ తర్వాత ఆమెకి చేసింది ఇక్కడ రాయలేను. మా వాడు వారం రోజులు కాలింగ్ బెల్ మోగితే తలుపు దగ్గరికి వెళ్లలేదు. నన్నూ వెళ్లనివ్వలేదు.

అప్పటి నుంచి సూపర్‌హీరో పుస్తకమంటేనే నాకు టెన్షన్. అవార్డులు వచ్చినంత మాత్రాన పిల్లలకి సరిపోతుందని కాదు కదా. ఆ బ్యాట్‌మాన్ పుస్తకం కూడా గొప్పదని చాలామంది నాతో అన్నారు. సినిమాకి యూ, ఏ అని సర్టిఫికెట్ ఉన్నట్టు వీటికి ఏమీ ఉండదా?


కామిక్స్‌బీరువా
ఆదివారం, రాత్రి 11:30

రాత్రిదీపం గారూ, మీ బాబు విషయం చదివి చాలా బాధ కలిగింది. ఆ పుస్తకం 1988లో పెద్దవాళ్ల కోసం రాసింది. దాన్ని పిల్లల బల్ల మీద పెట్టడం తప్పే.

ముద్ర సంగతికి పెద్ద చరిత్రే ఉంది. 1954లో ఫ్రెడ్రిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ వల్లే పిల్లలు చెడిపోతున్నారని పుస్తకం రాశాడు. అమెరికా సెనేట్ ఉపసంఘం కూడా అదే ఏడాది విచారణ జరిపింది. ప్రభుత్వం చట్టం తెస్తుందేమోనన్న భయంతో ప్రచురణకర్తలే కామిక్స్ కోడ్ అని ఒకటి పెట్టుకున్నారు. అట్ట మీద కుడి మూల చిన్న స్టాంపులాంటి ముద్ర. అది లేకపోతే చాలా షాపులవాళ్లు పుస్తకం పెట్టుకునేవాళ్లు కాదు.

ఆ కోడ్ రూల్స్ చూడండి. ప్రతి కథలోనూ మంచే గెలవాలి. పోలీసుల మీద, జడ్జిల మీద గౌరవం తగ్గేలా చూపకూడదు. పుస్తకం పేరులో హారర్ అనే మాట ఉండకూడదు. 1971లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖే మత్తుమందుల ప్రమాదం మీద కథ రాయమని మార్వెల్ సంస్థలో స్పైడర్‌మాన్ రాసే స్టాన్ లీని అడిగింది. ఆయన స్పైడర్‌మాన్‌లో రాశాడు. మత్తుమందుల ప్రస్తావన వచ్చింది కాబట్టి కోడ్ వాళ్లు ముద్ర ఇవ్వం అన్నారు. 96, 97, 98 సంచికలు ముద్ర లేకుండానే బయటికి వచ్చాయి, బాగా అమ్ముడుపోయాయి, చివరికి కోడే మారింది. పిల్లలకి మేలు చేసే కథని ఆపబోయింది ఆ ముద్రే. మార్వెల్ వాళ్లు 2001లో, డీసీ వాళ్లు 2011లో దాన్ని వదిలేశారు. ఇప్పుడు ఎవరికి వాళ్లు వయసు ముద్రలు వేసుకుంటున్నారు. ధర పక్కనో వెనక అట్ట కింద మూలనో చిన్న అక్షరాల్లో ఉంటాయి. కొనేముందు అవి చూడాలి, కానీ వాటితో ఆగిపోకూడదు.


తెనాలి_మాస్టారు
సోమవారం, ఉదయం 6:10

నేను రిటైరైన తెలుగు పంతుల్ని. ఈ పుస్తకం మనవరాలి దగ్గర చూశాను, పూర్తిగా చదివాను.

1947లో చందమామ మొదలయ్యాక ఎన్ని తరాల పిల్లలు దాన్ని చదివి పెరిగారో లెక్కలేదు. అందులో నెలనెలా బేతాళ కథ వచ్చేది. అర్ధరాత్రి, శ్మశానం, చెట్టుకి వేలాడే శవం. రాజు దాన్ని భుజాన వేసుకుని నడుస్తుంటే శంకర్ గారు వేసిన బొమ్మలో కింద పుర్రెలూ పాములూ. ఆరేళ్ల పిల్లలు ఆ పేజీ ముందు తెరిచేవాళ్లు. నేనూ అంతే. నాకు ఎందుకు భయం వేయలేదు? రాజుకి భయం లేదు కనుక. పైగా ఆ బొమ్మ ప్రతి నెలా ఒకలాగే ఉండేది కనుక, తర్వాత కథ వస్తుందని తెలుసు కనుక.

అందుచేత పేజీలో ఏముందన్నది సగమే. ఆ భయాన్ని తీసుకుపోయి కథ ఎక్కడ దింపుతుందో చూడాలి. రాత్రిదీపం గారు చెప్పిన పుస్తకంలో పిల్లవాడిని ఆ గుమ్మంలోనే వదిలేశారు. ఈ పుస్తకంలో వదల్లేదు. మంట ఉన్న పేజీ తర్వాత ఆ కుటుంబం పక్కనే ఉంటుంది కథ.


రాత్రిదీపం
సోమవారం, ఉదయం 8:25

మాస్టారూ, మీ మాట అర్థమైంది. కానీ బేతాళుడు మా వీధిలో ఉండడు. రాక్షసుడికి కోరలుంటాయి, కథ అయిపోతే వాడూ అయిపోతాడు. ఈ పుస్తకంలో ముసుగు తీస్తే లోపల ఉన్నది పక్కింటి మనిషి. పిల్లలకి ఆ భయం పుస్తకం మూసినా పోదు. తొమ్మిదేళ్ల వయసులో పక్కింటి అంకుల్ మీద అనుమానం నేర్పాలా?


తెనాలి_మాస్టారు
సోమవారం, ఉదయం 9:02

అమ్మా, ఈ ప్రశ్నకి నా బేతాళుడు చాలడు. మీరన్న తేడా నిజం. కాసేపు ఆలోచించి మళ్లీ రాస్తాను.


బొమ్మలబడి
సోమవారం, మధ్యాహ్నం 1:15

కాకినాడలో పిల్లలకి బొమ్మలు నేర్పుతాను. అమ్మగారు మొదట అడిగింది "నిజంగా బాగుంటుందా" అని. దాని గురించి చెబుతాను.

కామిక్‌ని చూసేటప్పుడు నేనొక పని చేస్తాను. మాటల బుడగల మీద కాగితం ముక్కలు పెట్టి బొమ్మలు మాత్రమే చూస్తాను. కథ సగమైనా తెలియాలి. తర్వాత బొమ్మలు మూసి మాటలు మాత్రమే చదువుతాను. అప్పుడు కథ మొత్తం తెలిసిపోతే ఆ బొమ్మలు ఊరికే ఉన్నట్టు. ఈ పుస్తకం రెండింట్లోనూ నెగ్గింది.

రాబర్టా అనే పాపని చూడండి. మెట్రోపోలిస్ అనే ఊళ్లోని చైనాటౌన్ నుంచి ఊరి నడిబొడ్డుకి ఇల్లు మారుతున్నారు. అన్న టామీ కొత్త చోట ఇట్టే కలిసిపోతాడు. ఈ పిల్ల కలవలేదు. ఎక్కడా "నాకు భయంగా ఉంది" అని చెప్పనక్కర్లేదు. భుజాలు ముడుచుకున్న తీరు, అన్న వెనక నిలబడే చోటు, కడుపులో తిప్పడం, అన్నీ బొమ్మలోనే ఉన్నాయి. మరోవైపు సూపర్‌మాన్ ఎగరడు. పరుగెడతాడు, కరెంటు తీగల మీదుగా ఉరుకుతాడు, దూకుతాడు. అంత బలం ఉన్నవాడు నేలని వదలకుండా ఉండడం ఏదో అణుచుకున్న మనిషిలా అనిపిస్తుంది. కథలో అసలు విషయం అదే, అది మాటల్లో చెప్పకముందే బొమ్మలో మనకి అందుతుంది. దీన్నే నేను నాణ్యత అంటాను.

గురిహిరు గీత గుండ్రంగా, మెత్తగా ఉంటుంది, రంగులు తేటగా ఉంటాయి. అందువల్ల మండే సిలువ పేజీ కూడా పీడకలలా ఉండదు. నెత్తురు లేదు, వికారమైన ముఖాలు లేవు.

లోపం కూడా చెప్పాలి. చివరి భాగంలో మాటలు ఎక్కువయ్యాయి. బొమ్మ ముందే చెప్పినదాన్ని సూపర్‌మాన్ మళ్లీ నోటితో చెబుతాడు. పిల్లలకి అర్థం కాదేమోనన్న భయం రచయితకి ఉన్నట్టుంది. పిల్లలకి అర్థమవుతుంది.


కామిక్స్‌బీరువా
సోమవారం, మధ్యాహ్నం 2:05

ఎగరకపోవడం గురించి ఒక చిన్న సంగతి. అది యాంగ్ సొంత కల్పన కాదు. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ సూపర్‌మాన్‌ని మొదట తెచ్చినప్పుడు అతను ఎగరలేడు, మైలులో ఎనిమిదో వంతు దూరం దూకగలడు, అంతే. ఎగరడం తర్వాత వచ్చింది. ఆ మార్పునే యాంగ్ కథలోకి తీసుకున్నాడు. చిన్నప్పుడు తన శక్తి చూసి చుట్టూ ఉన్నవాళ్లు బెదిరిపోయారు కాబట్టి, తను వేరే లోకం వాడినన్న నిజాన్ని తనకి తానే ఒప్పుకోలేక సగం బలంతో బతుకుతున్నాడు. సీగెల్, షుస్టర్ ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలే. 80 ఏళ్లు దాటాక ఇంకో వలస కుటుంబం బిడ్డ ఆ పాత దూకడంలో ఇంత అర్థం చూశాడు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది.


న్యూజెర్సీ_నాన్న
సోమవారం, సాయంత్రం 6:48

నేను మా అమ్మాయితో కలిసి చదివాను. తనకి పదేళ్లు, ఇక్కడే పుట్టింది.

ఈ పుస్తకంలో నన్ను ఆపేసిన చోటు మంటలు కాదు. రాబర్టా వాళ్లింట్లో అమ్మ చైనా భాషలో మాట్లాడుతుంది. నాన్న డాక్టర్ లీ ఇంగ్లీషులోనే మాట్లాడమంటాడు. కోపంతో కాదు, కొత్త చోట తన వాళ్లకి ఇబ్బంది రాకూడదని. ఆ పేజీ దగ్గర మా అమ్మాయి నావైపు చూసింది. తను రెండో క్లాసులో ఉన్నప్పుడు స్కూలు గేటు దగ్గర నాతో "నాన్నా, ఇక్కడ తెలుగులో పిలవొద్దు" అంది. నేను సరే అన్నాను. అప్పటి నుంచి గేటు దగ్గర ఇంగ్లీషే. ఆ రోజు నేను ఎందుకు సరే అన్నానో ఈ పుస్తకం ముందు కూర్చున్నాక గానీ ఆలోచించలేదు. ఇద్దరం ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఇంకొకటి. మంట ఆర్పడానికి సాయం వచ్చిన నల్లజాతి మనుషుల్ని కూడా డాక్టర్ లీ అనుమానంగానే చూస్తాడు. దెబ్బ తిన్న కుటుంబంలోనూ అదే జబ్బు కొంచెం ఉంది. ఇది రాయడానికి ధైర్యం కావాలి. మన ఇళ్లల్లో, మన పార్టీల్లో రంగు గురించి అనే మాటలు నాకు తెలుసు. మా అమ్మాయి వింటోందని కూడా తెలుసు. "డాక్టర్ లీ మంచివాడే కదా నాన్నా, మరి అలా ఎందుకు?" అని అడిగింది. అది అడిగించినందుకే ఈ పుస్తకానికి నేను రుణపడి ఉన్నాను.

రాత్రిదీపం గారూ, పక్కింటి మనిషి గురించి మీరన్నది నిజమే. ఇక్కడ పెరిగే పిల్లలకి ఆ అనుభవం పుస్తకం కన్నా ముందే వస్తుంది. మా అమ్మాయిని బస్సులో ఒకరు మీ దేశానికి వెళ్లమన్నారు. పుస్తకం భయాన్ని కొత్తగా పెట్టలేదు. ఉన్నదానికి పేరు చెప్పింది.


గౌతమి_తీరం
సోమవారం, రాత్రి 8:30

మాది క్రైస్తవ కుటుంబం. ఎవరూ అడగలేదు గానీ, ఇది చెప్పకపోతే కొన్ని ఇళ్లల్లో ఇబ్బంది అవుతుంది.

మా పిల్లలకి సిలువ అంటే ప్రార్థన, సండే స్కూల్, గుడ్ ఫ్రైడే. అలాంటి సిలువని మనుషులు తగలబెట్టి ఒక ఇంటి ముందు పాతడం చూసి మా చిన్నవాడు ఏడ్చాడు. "వీళ్లు యేసుకి శత్రువులా" అన్నాడు. కాదు నాన్నా, వీళ్లు కూడా తమని తాము క్రైస్తవులమనే చెప్పుకున్నారు అని చెప్పాల్సి వచ్చింది. అది చెప్పడం నాకు చాలా కష్టమైంది. ఆ గుంపు తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: క్లాన్ 1865లో టెనెసీలో పుట్టింది, 1915లో జార్జియాలో రెండోసారి లేచింది. సిలువ కాల్చడం ఆ రెండోసారి నుంచే వాళ్ల గుర్తయింది.

మా వాడితో ఇలా అన్నాను. పవిత్రమైన గుర్తుని చెడ్డపని కోసం వాడుకునేవాళ్లు ఉంటారు, అందువల్ల ఆ గుర్తు చెడ్డది అయిపోదు. వాడు తల ఊపాడు, కానీ రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. నేను ఆ పుస్తకం ఇచ్చినందుకు పశ్చాత్తాపపడలేదు. అయితే ముందే చదివి ఉంటే ఆ పేజీ రాకముందే కూర్చోబెట్టి చెప్పేదాన్ని. క్రైస్తవ కుటుంబాలవాళ్లు ఇది గుర్తుంచుకోండి.


ఉప్పల్_అమ్మ
సోమవారం, రాత్రి 9:20

గౌతమి గారూ, మీరు చెప్పకపోతే నాకు ఈ కోణం తట్టేదే కాదు. మా బాబు క్లాసులో వాడి బెస్ట్ ఫ్రెండ్ క్రైస్తవుల అబ్బాయే. పుస్తకం వాడి చేతికీ వెళ్తుంది. ముందు వాళ్లమ్మతో మాట్లాడతాను.


ఇంటర్_సెకండియర్
సోమవారం, రాత్రి 10:05

ఇక్కడ అందరూ అమ్మానాన్నలే ఉన్నారు, నేను చదివేవాళ్ల వైపు నుంచి చెబుతాను.

నాకు ఈ కథలో సూపర్‌మాన్ కన్నా, రాబర్టా కన్నా చక్ గుర్తుండిపోయాడు. బేస్‌బాల్ టీమ్‌లో టామీ వచ్చి పిచర్, అంటే బంతి విసిరేవాడు, అవుతాడు, చక్ చోటు పోతుంది. అది నిజంగా బాధే. ఆ బాధతో ఇంటికి వెళ్తే వాళ్ల బాబాయి మాట్ దానికి ఒక కారణం అందిస్తాడు. నీ చోటు పోలేదురా, వాళ్లు లాక్కున్నారు అని. చక్‌కి బాబాయి అంటే ప్రాణం. నాకు ఇది చాలా తెలిసిన సంగతిలా అనిపించింది. స్కూల్లో, కోచింగ్‌లో, ర్యాంకు పోయినప్పుడు, సీటు పోయినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు అనే మాటలు ఉంటాయి కదా. వాళ్ల వల్లే, ఆ కులం వాళ్ల వల్లే, ఆ కోటా వల్లే అని. అవి విని వెళ్లి పక్కన కూర్చున్న ఫ్రెండ్‌ని వేరేగా చూసిన రోజులు నాకున్నాయి. అది తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

అందుకే పక్కింటి అంకుల్ మీద అనుమానం నేర్పుతుంది అనే మాట నాకు సరిగ్గా అనిపించలేదు ఆంటీ. ఈ పుస్తకం చదివితే నా మీద నాకు అనుమానం వచ్చింది.


రాత్రిదీపం
సోమవారం, రాత్రి 10:40

నాన్నా, ఈ వయసులో నువ్వు ఇంత నిజాయితీగా రాశావంటే నాకు మాట రావడం లేదు. ఆ పుస్తకం నేను చదువుతాను. ముందు నేను, తర్వాత మా వాడు. వాడికిప్పుడు పదమూడు.


బొమ్మలబడి
మంగళవారం, ఉదయం 7:30

చక్ గురించి నాదొక అభ్యంతరం. అతను మారిన తీరు తొందరగా అయిపోయింది. బాబాయి మీద అంత ప్రేమ ఉన్న పిల్లవాడు అంత త్వరగా నోరు విప్పడు. నాలుగు పేజీలు ఎక్కువ తీసుకుని ఉంటే ఇంకా నమ్మకంగా ఉండేది. పిల్లల పుస్తకమని ఇక్కడ తేలిక దారి పట్టారు.


ఇంటర్_సెకండియర్
మంగళవారం, ఉదయం 7:55

సార్, తొందరగా అవ్వలేదు. మంట రాత్రి అక్కడ అతను నిలబడ్డ బొమ్మ మళ్లీ చూడండి. అప్పటికే అతనికి ఇష్టం లేదు. మీరే కదా మాటలు మూసి చూడమన్నారు.


బొమ్మలబడి
మంగళవారం, ఉదయం 9:10

మళ్లీ చూశాను. సగం నువ్వు చెప్పిందే రైటు. అక్కడ ముఖంలో ఉంది. మిగతా సగం మీద నా మాట నాదే.


తెనాలి_మాస్టారు
మంగళవారం, ఉదయం 10:20

నిన్న రాత్రిదీపం గారికి బాకీపడ్డ జవాబు ఇప్పుడు రాస్తున్నాను. మనవరాలిని అడిగి పుస్తకం మళ్లీ తెప్పించుకున్నాను.

చివర్లో ముఠా పెద్ద నోటి నుంచి వచ్చే మాట ఒకటుంది. అతనికి ఆ ద్వేషం మీద నమ్మకమే లేదు. అంగీలు, ముసుగులు, చందాలు, అంతా డబ్బు. నమ్మి చేరినవాళ్లని చూస్తే అతనికి జాలి కూడా లేదు. మాట్ లాంటివాడు మాత్రం మనస్ఫూర్తిగా నమ్మాడు. ఒకే ముసుగు కింద ముగ్గురున్నారు: అమ్ముకునేవాడు, నమ్మినవాడు, వాళ్ల మధ్య నలిగే పిల్లవాడు. బేతాళ కథల్లో రాక్షసుడు ఒక్కడే, రాక్షసుడే. అమ్మా, మీరన్న ప్రమాదం నిజమే, పక్కింటి మనిషిని చూసి పిల్లలు భయపడొచ్చు. కానీ ఈ ముగ్గురినీ వేరుచేసి చూపిస్తే, పిల్లవాడు ప్రతి పక్కింటివాడికీ భయపడడు. ఎవరు ఏం చేస్తున్నారో చూడడం నేర్చుకుంటాడు. మా రోజుల్లో ఇలాంటి కథ నా క్లాసులో చెప్పగలిగి ఉంటే ఎంత బాగుండేదో. మా బళ్లో విడిగా కూర్చోబెట్టిన పిల్లలు ఉండేవారు. నేను చూశాను, ఏమీ అనలేదు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు.


గౌతమి_తీరం
మంగళవారం, ఉదయం 11:05

మాస్టారూ, ఆ చివరి వాక్యాలు రాసినందుకు నమస్కారం. మా నాన్న అలా విడిగా కూర్చున్న పిల్లల్లో ఒకరు.


తెనాలి_మాస్టారు
మంగళవారం, ఉదయం 11:40

అమ్మా, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.


న్యూజెర్సీ_నాన్న
మంగళవారం, సాయంత్రం 7:15

ఉప్పల్ అమ్మగారికి పనికొచ్చే కొన్ని మాటలు.

పుస్తకం చివర యాంగ్ రాసిన వ్యాసం ఒకటుంది. తన చిన్నతనం, 1946 నాటి రేడియో నాటకం, క్లాన్ చరిత్ర కలిపి రాశాడు. అది పిల్లల కన్నా ముందు మీరు చదవండి, అడగబోయే ప్రశ్నలకి సగం జవాబులు అందులో ఉన్నాయి. మొదట్లోనే అటామ్ మాన్ అనే నాజీతో పోరాటం ఉంటుంది. నాజీలంటే ఎవరో బాబుకి రెండు ముక్కల్లో చెబితే చాలు. టామీని ఎత్తుకుపోయే భాగం మాత్రం రాత్రి పడుకునేముందు మొదలుపెట్టకండి. మేం అక్కడ ఆపలేక పదకొండున్నర వరకు కూర్చున్నాం. చైనావాళ్లని కించపరిచే మాటలు కొన్ని వస్తాయి. వాటిని దాటేయకుండా, ఇది ఎందుకు తప్పో చెప్పండి. దాటేస్తే పిల్లలకి ఆ మాటే గుర్తుంటుంది.

పెద్దమ్మాయికి ఇది నచ్చితే మిజ్ మార్వెల్ ఇవ్వండి. 2014లో మొదలైన కమలా ఖాన్ కథ, జెర్సీ సిటీలో పాకిస్తానీ కుటుంబం. మొదటి సంపుటికి 2015లో హ్యూగో అవార్డు వచ్చింది, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకి ఇచ్చేది. చెప్పిన టైముకి ఇల్లు చేరలేదని అమ్మానాన్న తిట్టే సీన్లు మన ఇళ్లల్లోంచి తీసినట్టుంటాయి. తొమ్మిదేళ్ల వాడికి అది ఇంకో మూడేళ్లు ఆగొచ్చు.


కామిక్స్‌బీరువా
మంగళవారం, రాత్రి 9:00

ఇంకో మాట. వెర్తమ్ ఆ రోజుల్లో పిల్లలతో మాట్లాడి వాళ్ల మాటలు పుస్తకంలో వేశాడు. ఆయన కాగితాలన్నీ తర్వాత లైబ్రరీకి చేరాయి. కరోల్ టిల్లీ అనే పరిశోధకురాలు వాటిని తిరగేసి, పిల్లలు అన్న మాటల్ని ఆయన చాలాచోట్ల మార్చాడని, కొన్ని దాచాడని 2012లో బయటపెట్టింది. పిల్లల కోసమని అంత పెద్ద ఉద్యమం నడిపి, పిల్లలు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయలేదు. అమ్మగారూ, మీ బాబు చదివాక వాడేమన్నాడో ఇక్కడ ఉన్నదున్నట్టు రాయండి. నచ్చకపోయినా సరే.


ఉప్పల్_అమ్మ
శనివారం, రాత్రి 9:55

ముందు నేను చదివాను. చివరి వ్యాసం మొదట, తర్వాత కథ. బుధవారం సాయంత్రం నుంచి బాబు, నేను, అక్క ముగ్గురం కలిసి రోజుకి కొన్ని పేజీలు చదివాం. ఇంగ్లీషు వాడికి కష్టమైన చోట నేను తెలుగులో చెప్పాను.

మొదట వాడికి సూపర్‌మాన్ కరెంటు తీగల మీద పరుగెత్తడం తప్ప ఇంకేమీ పట్టలేదు. సోఫా మీంచి మూడుసార్లు దూకాడు. ఆ సాయంత్రమే మంట పేజీ కూడా వచ్చింది. వాడు నా చేయి పట్టుకున్నాడు. "పేజీ తిప్పేయనా" అన్నాను. "వద్దు, ఆగు" అన్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అడిగాడు: "ఆ ముసుగులో ఉన్నవాళ్ల పిల్లలు వాళ్ల నాన్నల్ని చెప్పులు చూసి గుర్తుపట్టరా?"

నా దగ్గర జవాబు లేదు. అక్క అంది, "చక్ గుర్తుపట్టాడు కదరా, తర్వాత చూడు" అని.

గురువారం వాడు పుస్తకం వద్దన్నాడు, క్రికెట్‌కి వెళ్లిపోయాడు. నాకు గుండెల్లో రాయి పడ్డట్టయింది. తప్పు చేశానేమో అనుకున్నాను. శుక్రవారం సాయంత్రం బీరువా మీంచి వాడే కుర్చీ వేసుకుని దించుకున్నాడు. ఇవాళ మధ్యాహ్నం అయిపోయింది.

ఉన్నదున్నట్టు రాయమన్నారు కదా. వాడు చెప్పినవి ఇవి. సూపర్‌మాన్ కన్నా రాబర్టాకి తెలివి ఎక్కువ. అతను ఇంకా ఎక్కువ చేయగలడని ఆ పిల్లకే ముందు తెలిసింది. చివర్లో మాటలు మరీ ఎక్కువ, బోర్ కొట్టింది. చక్ సారీ చెప్పాడు గానీ టామీ చేయి చాచక్కర్లేదు, తనైతే ఇంకో నెల మాట్లాడడు. వాళ్ల అపార్ట్‌మెంట్ టీమ్‌లో కొత్తగా వచ్చిన ఒరియా అబ్బాయికి ఇప్పటిదాకా ఎవరూ బ్యాటింగ్ ఇవ్వలేదట. అది ఇప్పుడే, పడుకోబోయే ముందు చెప్పాడు. నేను అడగలేదు.